మత్తు దిగాక మొదలయ్యే ముప్పు: కల్తీ కల్లు, మాదకద్రవ్యాల బాధితులలో గుర్తించవలసిన వైద్య లక్షణాలు

మాదకద్రవ్యాల నిరోధక చర్యలపై వెలువడే ప్రకటనలలో పట్టుబడిన సరుకు బరువు, దాని విలువ, అరెస్టయిన వారి సంఖ్య తప్పనిసరిగా ఉంటాయి. ఆ సరుకుకు అలవాటుపడిన వారు మరునాటి నుంచి ఏమయ్యారన్న వివరం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. కొన్ని రకాల మత్తుమందుల విషయంలో సరఫరా ఆగిపోయిన తరువాతి వారం, పది రోజులే రోగి ప్రాణానికి అత్యంత ప్రమాదకరమైన కాలం. తెలంగాణ జిల్లాలలో కల్తీ కల్లు తాగేవారి అనుభవం ఈ విషయాన్ని పలుమార్లు రుజువు చేసింది. తాగి పడిపోయిన వ్యక్తిని, తాగడం ఆగినందువల్ల పడిపోయిన వ్యక్తిని వేరుచేసి గుర్తించగలగడం ఈ సందర్భంలో అన్నిటికంటే ముఖ్యం. ఆ రెండు స్థితుల లక్షణాలు వేరు, చికిత్సలూ వేరు.

గతంలో ఏం జరిగింది

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ఎక్సైజ్ శాఖ దాడులు ముమ్మరం చేసిన సమయంలో నిజామాబాద్, మహబూబ్‌నగర్ తదితర జిల్లాల ఆసుపత్రులకు ఒక్కసారిగా రోగుల తాకిడి పెరిగింది. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఎదుట లేని మనుషులతో వాదులాడడం వారిలో కనిపించిన ప్రధాన లక్షణాలు. వారిలో మహిళలు, వృద్ధులు, వ్యవసాయ కూలీలు ఉన్నారు. అనేకమందికి తాము తాగుతున్నది కల్లు మాత్రమేనని నమ్మకం.

2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ కారణంగా మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి కొద్ది రోజులలోనే వందల సంఖ్యలో ఇటువంటి రోగులు వచ్చారు. అప్పుడు దాడులు లేవు, కేసులు లేవు. సరుకు అందకపోవడం ఒక్కటే కారణం.

2025 జూలైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో జరిగిన ఘటన దీనికి భిన్నమైనది. అక్కడ కల్లు తాగిన పలువురు వాంతులు, విరేచనాలు, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ అవసరమైంది. ప్రాణనష్టం కూడా సంభవించింది. మూడు సందర్భాలనూ పత్రికలు ‘కల్తీ కల్లు కలకలం’ అన్న ఒకే మాటతో పేర్కొన్నప్పటికీ, మొదటి రెండూ మత్తు అందక వచ్చిన అనారోగ్యాలు, మూడవది తాగిన పదార్థం వల్లనే కలిగిన అనారోగ్యం. ఈ తేడాను ముందుగానే గ్రహించిన ఆసుపత్రికి ఏ మందులు సిద్ధం చేసుకోవాలో తెలుస్తుంది.

కల్లులో కలిసేది ఏమిటి

తాటి, ఈత చెట్ల నుంచి గీసిన కల్లు సహజంగా పులిసి స్వల్ప మోతాదులో ఆల్కహాలును కలిగి ఉంటుంది. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట నీరు, పంచదార, శాకరిన్‌తో కల్లును పోలిన ద్రవాన్ని తయారుచేసి, మత్తు కోసం మందులు కలపడం కల్తీ వ్యాపారుల పద్ధతి. వీటిలో ప్రధానమైనవి మూడు. క్లోరల్ హైడ్రేట్, పత్రికలలో ‘డైజోఫాం’గా వ్యవహరించే డైజీపామ్, అల్ప్రాజోలం. చెట్టెక్కి గీసి అమ్ముకునే గీత కార్మికుని వృత్తికీ ఈ వ్యాపారానికీ సంబంధం లేదని, వార్తలలో ఈ రెంటినీ కలగాపులగం చేయడం వారికి అన్యాయమని ఇక్కడ చెప్పక తప్పదు.

క్లోరల్ హైడ్రేట్ 1869 నుంచి నిద్రమందుగా వాడుకలో ఉండి, మెరుగైన మందులు వచ్చాక వెనుకబడిపోయిన పాత రసాయనం. డైజీపామ్, అల్ప్రాజోలం బెంజోడయాజపిన్ వర్గానికి చెందిన మందులు. ఆందోళన తగ్గించడానికి వైద్యులు రాసే అల్ప్రాజోలం మాత్రలో ఉండే మందు సాధారణంగా 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్క కిలో పొడి 0.5 మిల్లీగ్రాముల మాత్రలు 20 లక్షలకు సమానం. మాదకద్రవ్యాల చట్టం కింద ఈ మందుకు 100 గ్రాములనే వాణిజ్య పరిమాణంగా నిర్ణయించడంలోని ఔచిత్యం దీనినిబట్టి తెలుస్తుంది. పైగా ఈ పొడి నీటిలో దాదాపు కరగదు. కర్రతో కలిపిన డ్రమ్ములో మందు సమంగా పరచుకోదు కనుక ఒకే దుకాణంలో ఒకే పూట తాగిన ఇద్దరిలో ఒకరు నడిచి ఇంటికి వెళ్లడం, మరొకరు స్పృహ తప్పడం జరుగుతుంది. ‘మిగతా వారికి ఏమీ కాలేదు కదా’ అన్న వాదనకు ఈ కారణంగానే విలువ లేదు.

మోతాదు మించినప్పుడు

మాట ముద్దగా రావడం, అడుగులు తడబడడం, తల వాలిపోవడం, పిలిచినా గిల్లినా సరిగా పలకకపోవడం బెంజోడయాజపిన్ మత్తు లక్షణాలు. ఈ మందు ఒక్కటే అయితే మరణం అరుదు. దానికి ఆల్కహాలు లేదా నల్లమందు వర్గపు మందులు తోడైతే శ్వాస మందగించి ప్రాణాంతకమవుతుంది. అందువల్ల ఇటువంటి రోగిలో మొదట చూడవలసింది శ్వాస. గురక పెడుతూ నిద్రపోతున్నాడని కుటుంబసభ్యులు భావించే స్థితి, నాలుక వెనక్కి జారి ఊపిరి అడ్డుపడుతున్న స్థితి కావచ్చు. రోగిని వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో నీళ్లు, మజ్జిగ, నిమ్మరసం పోయకపోవడం, బలవంతంగా వాంతి చేయించకపోవడం ఆ సమయంలో చేయవలసిన సాయం. మత్తులో ఉన్న వ్యక్తి కక్కిన పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల సంభవించే మరణాలు మందు వల్ల సంభవించినవిగానే లెక్కలోకి ఎక్కుతాయి.

క్లోరల్ హైడ్రేట్ ఎక్కువైనప్పుడు పై లక్షణాలతోపాటు కడుపులో మంట, వాంతులు, గుండె లయ తప్పడం, రక్తపోటు పడిపోవడం కనిపిస్తాయి. స్పృహ తప్పిన రోగి గుండె అస్తవ్యస్తంగా కొట్టుకుంటున్నట్లయితే వైద్యులు ఈ రసాయనాన్ని అనుమానించాలి. బెంజోడయాజపిన్‌కు విరుగుడుగా చెప్పే ఫ్లుమజెనిల్ ఇంజెక్షన్‌ను ఏళ్ల తరబడి కల్తీ కల్లు తాగిన వ్యక్తికి ఇస్తే ఒక్కసారిగా ఫిట్స్ రావచ్చు. విరుగుడు మందు లేదంటూ ఆసుపత్రిపై వచ్చే ఫిర్యాదులను పరిశీలించే అధికారులు ఈ విషయాన్ని గమనంలో ఉంచుకోవడం మంచిది.

మత్తు అందనప్పుడు

రోజూ నిద్రమందు అందుతున్న మెదడు దానికి తగినట్లుగా తనను మార్చుకుంటుంది. మందు ఆగిన మరుక్షణం ఆ మార్పు పోదు. ఇన్నాళ్లూ అణిగి ఉన్న నాడీ ఉత్తేజం కట్ట తెగిన చెరువులా బయటపడుతుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, అరచేతుల్లో చెమట, గుండెదడ, చాచిన చేతివేళ్లు వణకడం తొలి లక్షణాలు. తరువాత వాంతులు, రక్తపోటు పెరగడం, చీమలు పాకినట్లు ఒళ్లంతా జలదరించడం కనిపిస్తాయి. తీవ్ర దశలో ఫిట్స్, జ్వరం, సంధి ప్రేలాపన వస్తాయి. ఊరు, తేదీ తెలియకపోవడం, గోడలపై పురుగులు కనిపిస్తున్నాయనడం, పక్కబట్టలు పీకడం, రాత్రివేళ ఇవి ఎక్కువ కావడం ఆ దశకు గుర్తులు. చికిత్స అందకుంటే ఈ దశలో మరణం సంభవించే ప్రమాదం ఉంది.

ఎప్పుడు మొదలవుతాయన్నది మందును బట్టి ఉంటుంది. అల్ప్రాజోలం శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలే పడుతుంది. అందువల్ల ఆపిన ఒకటి, రెండు రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి. డైజీపామ్ నెమ్మదిగా పోతుంది. దాని విషయంలో వారం గడిచిన తరువాత కూడా ఫిట్స్ రావచ్చు. ఆల్కహాలు మానినప్పుడు ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల మధ్య, సంధి ప్రేలాపన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. కల్తీ కల్లులో ఇవన్నీ కలిసి ఉండవచ్చు కనుక ‘మూడు రోజులు గడిచాయి, గండం గడిచింది’ అని రోగిని ఇంటికి పంపడం సరికాదు.

చికిత్స సూత్రం సామాన్యులకు వింతగా తోచవచ్చు. ఏ వర్గపు మందు ఆగినందువల్ల రోగం వచ్చిందో అదే వర్గపు మందును, ఎక్కువసేపు పనిచేసే రకాన్ని, వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చి, వారాల వ్యవధిలో క్రమంగా తగ్గిస్తూ పోవడమే ప్రధాన చికిత్స. ‘మత్తు మాన్పించడానికి వెళితే మత్తుమందే ఇస్తున్నారు’ అని రోగి బంధువులు ఆసుపత్రులలో గొడవపడిన సందర్భాలు ఉన్నాయి. వారికి వివరించి చెప్పే సిబ్బంది ఉన్న చోట చికిత్స మధ్యలో మానేవారు తగ్గుతారు. తాగుడు అలవాటున్నవారికి గ్లూకోజ్ ఎక్కించేముందు లేదా దానితోపాటు థయమిన్ ఇవ్వడం కూడా ఇందులో భాగం. ఆ విటమిన్ లోపించిన రోగికి గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు, నడక, జ్ఞాపకశక్తి దెబ్బతినే అవకాశం ఉంది.

పొరబడే సందర్భాలు

గ్రామాలలో ఈ లక్షణాలను గాలి సోకడంగానో, పిచ్చిగానో భావించి భూతవైద్యుల వద్దకు తీసుకువెళ్లడం, తాయెత్తులు కట్టించడం నేటికీ జరుగుతోంది. చేజారే ఆ ఒకటి రెండు రోజులే విలువైనవి. ఆసుపత్రులలో జరిగే పొరపాటు మరొక రకంగా ఉంటుంది. కాలు విరిగి చేరిన రైతు, ఆపరేషన్ కోసం చేరిన మహిళ మూడవ రోజు రాత్రి అకస్మాత్తుగా పక్కమీది నుంచి లేచి కేకలు వేయడం, సెలైన్ గొట్టాలు పీకివేయడం, ఫిట్స్ రావడం సర్జికల్ వార్డుల సిబ్బందికి తెలిసిన విషయమే. చేరిన రోజున ‘కల్లు తాగుతారా, ఏ దుకాణంలో, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరున ఎప్పుడు’ అని అడిగి కేసు షీటులో రాసుకుంటే ఇది ముందుగానే ఊహించవచ్చు. మహిళలను ఈ ప్రశ్న అడగడానికి సంకోచించడం వల్లనే ఎక్కువ కేసులు జారిపోతాయి. గర్భిణి కల్తీ కల్లు తాగుతున్నట్లయితే పుట్టిన బిడ్డలో వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగా తాగకపోవడం, ఫిట్స్ కనిపించవచ్చు.

ఇదే సమయంలో ప్రతి కేసునూ కల్లు ఖాతాలో వేయడమూ ప్రమాదమే. తలకు దెబ్బ, రక్తంలో చక్కెర పడిపోవడం, మెదడువాపు, పురుగుమందు విషప్రభావం కూడా ఇవే లక్షణాలతో కనిపించగలవు. చక్కెర పరీక్షకు ఒక్క నిమిషం చాలు. స్పృహలో లేని ప్రతి వ్యక్తికీ అది తప్పనిసరి.

ఇతర మాదకద్రవ్యాలు

హెరాయిన్, మార్ఫిన్ వంటి నల్లమందు వర్గపు పదార్థాలలో మోతాదు మించితే మూడు గుర్తులు ఒకేసారి కనిపిస్తాయి. కంటిపాపలు సూదిమొనంత చిన్నవిగా మారడం, స్పృహ లేకపోవడం, శ్వాస నిమిషానికి 12 కంటే తగ్గడం. పెదవులు, గోళ్లు నీలం రంగుకు తిరుగుతాయి. నలోక్సోన్ ఇంజెక్షన్ దీనికి సరైన విరుగుడు. అయితే దాని ప్రభావం హెరాయిన్ కంటే ముందుగానే తగ్గిపోవచ్చు కనుక లేచి కూర్చున్న రోగిని వెంటనే పంపివేయరాదు. ఈ మందులు మానినప్పుడు ఒళ్లునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం భరింపరానివిగా ఉన్నప్పటికీ ప్రాణాపాయం తక్కువ. నొప్పి మాత్రగా దుర్వినియోగమై 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చిన ట్రమడాల్ మాత్రం మోతాదు మించితే ఫిట్స్ కూడా కలిగిస్తుంది.

సూదుల ద్వారా మత్తుమందు తీసుకునేవారిలో కారణం తెలియని జ్వరం వస్తే గుండె కవాటాలకు సోకిన ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. హెచ్ఐవి, హెపటైటిస్ సి పరీక్షలు అవసరమవుతాయి.

గంజాయి విషయంలో ప్రాణాపాయం అరుదన్న మాట నిజమే అయినా, దానిని హాని లేదన్న అర్థంలో వాడడం సరికాదు. గుండెదడ, తీవ్ర భయం, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం తరచుగా కనిపిస్తాయి. కౌమారంలోనే మొదలుపెట్టిన వారిలో మానసిక వ్యాధుల ముప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి వాడినవారిలో ఆగని వాంతులతో కూడిన ఒక వ్యాధిని 2004లో ఆస్ట్రేలియా వైద్యులు వర్ణించారు. వేడినీళ్ల స్నానం చేస్తున్నంతసేపు ఉపశమనం లభించడం దాని ప్రత్యేకత. కడుపునొప్పి, వాంతులతో పదే పదే చేరే యువకుడు రోజుకు నాలుగైదుసార్లు వేడినీళ్ల స్నానం చేస్తున్నాడని తల్లి చెప్పినట్లయితే, ఎండోస్కోపీకి ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది.

నగరాలలోని పార్టీలలో పట్టుబడుతున్న ఎండీఎంఏ, కొకైన్ ఉత్తేజకాలు. విశాలమైన కంటిపాపలు, పళ్లు బిగబట్టడం, విపరీతమైన చెమట, ఒళ్లు కాలిపోవడం ఎండీఎంఏ ప్రభావానికి గుర్తులు. శరీర ఉష్ణోగ్రత ప్రమాదస్థాయికి చేరితే కండరాలు కరిగి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒంటిని చల్లబరచడం ఇక్కడ అత్యవసరం. కానీ లీటర్లకొద్దీ మంచినీళ్లు తాగించడం వల్ల రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. పాతికేళ్ల యువకుడు ఛాతీనొప్పితో వస్తే కొకైన్ గురించి అడగడం అవసరం.

రైల్వేస్టేషన్ల పరిసరాలలో వీధిబాలలు పీల్చే వైట్‌నర్, టైరు సొల్యూషన్ వంటి వాటికి పెద్దగా ప్రచారం లేదు. నోటిచుట్టూ పుండ్లు, బట్టలకు రసాయనం వాసన, కాళ్లలో నీరసం వీటి గుర్తులు. పీల్చిన వెంటనే బాలుడిని బెదిరించి తరమడం వల్ల గుండె ఆగి మరణించే ప్రమాదం ఉందని పోలీసు సిబ్బందికి తెలిసి ఉండాలి.

అధికారులు, పాత్రికేయుల దృష్టికి

కల్లు దుకాణాలపై దాడులు ఆపాలని ఎవరూ అనరు. దాడికి నిర్ణయించిన రోజు సాయంత్రానికే ఆ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఏరియా ఆసుపత్రికి, 108 సిబ్బందికి సమాచారం అందితే డైజీపామ్, లోరాజిపామ్, థయమిన్ నిల్వలు చూసుకునే వ్యవధి లభిస్తుంది. కల్లు నమూనాతోపాటు రోగి మూత్ర నమూనాను కూడా మొదటి రోజే సేకరించడం ముఖ్యం. సాధారణ మూత్ర పరీక్షలు బెంజోడయాజపిన్‌లను పసిగట్టగలవు గాని క్లోరల్ హైడ్రేట్‌ను చూపవు. పరీక్షలో ఏమీ రాలేదన్నంత మాత్రాన కల్తీ లేదని ప్రకటించడం తొందరపాటవుతుంది.

అరెస్టయిన వ్యక్తిని వెంటనే వైద్యాధికారితో పరీక్షింపజేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని 53వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అయితే అరెస్టు నాడు ఆరోగ్యంగా కనిపించిన వ్యక్తిలోనే రెండవ, మూడవ రోజున లాకప్‌లోనో జైలులోనో లక్షణాలు మొదలవుతాయి. వణుకుతూ, చెమటలు కక్కుతూ, నిద్రలేక కేకలు వేస్తున్న ఖైదీ నటిస్తున్నాడని భావించడం కస్టడీ మరణానికి దారితీయగలదు.

మాదకద్రవ్యాల చట్టం, 1985లోని 64ఎ సెక్షన్ ప్రకారం, వినియోగం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన ఆరోపణలున్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్సకు చేరితే ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. కేసు పెడతారన్న భయంతో ఆసుపత్రికి రానివారికి ఈ సమాచారం చేరలేదు.

మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నిర్వచనంలో మానసిక వ్యాధి కిందికే వస్తాయి. మానసిక చికిత్సా సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను గాని, ఇతర వివరాలను గాని అతని సమ్మతి లేకుండా మీడియాకు విడుదల చేయరాదని ఆ చట్టంలోని 24వ సెక్షన్ పేర్కొంటున్నది. మంచానికి కట్టిన రోగుల ఛాయాచిత్రాలు 2015లోను, 2020లోను విస్తృతంగా ప్రచురితమయ్యాయి.

అత్యవసర పరిస్థితిలో 108కు ఫోన్ చేసేవారు రోగి శ్వాస ఎలా ఉన్నది, ఫిట్స్ వచ్చాయా, ఏమి తీసుకున్నారు, ఆఖరుసారి ఎప్పుడు తీసుకున్నారు అన్న నాలుగు విషయాలు చెప్పాలి. తాగగా మిగిలిన సీసాను, మాత్రల అట్టను రోగి వెంట పంపాలి. వ్యసన విముక్తి సలహాలకు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలిమానస్ నంబరు 14416, మాదకద్రవ్యాల రవాణాపై సమాచారం అందించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 1933 అందుబాటులో ఉన్నాయి.